సరకుల బండికి డీజిలా, పెట్రోలా?

(బరంపురమున మన సంఘపు వర్తక సభ్యుల సమావేశములో ఒక టోకు వర్తకుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను, యంత్రశాస్త్రము చదివినవాడను అంతకన్నను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, 25 సంవత్సరములుగా బడా బజారులో పప్పుధాన్యముల టోకు వర్తకము చేసికొనుచున్నవాడను. ఇంజనులను గురించి మీ యెదుట మాటలాడుటకు నాకుగల అర్హతలు రెండే. ఒకసారి తగని బండిని కొంటిని. మరియొకసారి తగని సలహా నిచ్చితిని. మొదటిదానివలన నేను నష్టపోయితిని. రెండవదానివలన నష్టపోయినది నేను గాదు.

ఈ సంవత్సరము బండి కొనుగోలునకు మన సంఘపు సహాయనిధినుండి హామీ కోరుచు నాలుగు దరఖాస్తులు వచ్చినవి. నాలుగింటిలోను బండి పేరున్నది, ధరయున్నది, నెలవాయిదా యున్నది. ఆ బండి రోజునకు ఎంత దూరము తిరుగునో, ఎంత బరువు మోయునో, ఏ దారిని పోవునో ఒక్కదానిలోను లేదు. ఒకదానిలో మాత్రము "డీజిలు బండి, కావున లాభసాటి" అని వ్రాయబడియున్నది. కార్యవర్గములో ఆ వాక్యము చదువబడినపుడు నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి.

"వర్తకునికి డీజిలు, షోకులవానికి పెట్రోలు" అని మా తండ్రిగారు అనెడివారు. వారి కాలమున అది నిజము. డీజిలు ధరను ప్రభుత్వము తన చేతిలో నుంచుకొని తక్కువగా నిలిపెడిది. పెట్రోలు ధరపై అదుపు 2010లోనే తీసివేయబడినది. డీజిలుపై అదుపు 2014 అక్టోబరువరకు సాగినది. ఆ నడుమ 2012వ సంవత్సరము మే నెలలో ఢిల్లీ నగరమున పెట్రోలు లీటరు 73 రూపాయలుండగా డీజిలు 41 రూపాయల లోపుననే యుండెను. లీటరునకు 30 రూపాయలకు పైగా తేడా ఉన్నపుడు ఆలోచింపవలసిన పనియే లేదు. 2005లో టాటావారు ఏస్ అను చిన్న బండిని, మన వీధులలో చోటా హాథీ అని పిలువబడెడి దానిని, రెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతో తెచ్చినపుడు మన వర్తకులు దానిని ఆదరించుటకు ఈ తేడాయే ఒక పెద్ద కారణము.

ఆ కాలము గతించినది. గతించినదనుటకు సాక్ష్యము మన ఒడిశాలోనే కలదు. 2018 అక్టోబరులో ఈ రాష్ట్రమున డీజిలు ధర పెట్రోలు ధరను కొన్ని పైసలు మించినది. రెంటిపైనను అమ్మకపు పన్ను ఒకే రేటున ఉండుటచేత అట్లు జరిగినది. ఆ దినమున పంపువద్ద నిలిచి, ధరల పలక తప్పు వ్రాయబడినదేమోయని పంపు కుర్రవానిని అడిగినవారిలో నేనొకడను. తరువాత మరల డీజిలు కొంత తగ్గినమాట నిజమే. అయినను మా తండ్రిగారి సూత్రమునకు ఆధారమైన ఆ 30 రూపాయలు మరి రావు.

ఇక ఇంజను సంగతి. నాకు తెలిసినంత, ఒక మేస్త్రీ నాకు బోధించినంత, చెప్పెదను. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును కలిసి, సుమారు పదింట ఒక వంతునకు అణగద్రొక్కబడి, ప్లగ్గు నిప్పురవ్వచేత మండును. డీజిలు ఇంజనులో మొదట గాలి మాత్రమే పోవును. అది 16 లేక 18 ఇంట ఒక వంతునకు అణగద్రొక్కబడును. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు మొన వేడెక్కుట మీరెరుగుదురు. అదే విధముగ, అంతకు ఎన్నోరెట్లు అధికముగ, ఆ గాలి కాగిపోవును. అందులోనికి డీజిలు చిమ్మబడగనే తనంత తానే మండును. నిప్పురవ్వతో పనిలేదు. రుడాల్ఫు డీజిలు అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఇట్టి ఇంజనును జయప్రదముగా నడిపించెను. పెద్ద ఆవిరియంత్రములు కొనలేని చిన్న పనివారికి తన ఇంజను ఉపకరింపవలెనని ఆయన కోరిక యట. చిన్న వర్తకులమైన మనము ఆయనకు ఈ మాత్రము కృతజ్ఞత చూపవలెను.

అట్లు గట్టిగ అణచుటవలన ఇంధనములోని శక్తి ఎక్కువ పాలు పనికి వచ్చును. పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలుకన్న నూటికి పది పదిహేను పాళ్లు శక్తి అధికము. ఈ రెండును కలిసి డీజిలు బండికి మైలేజి నిచ్చుచున్నవి. మరియొక గుణము ఇంకను ముఖ్యమైనది. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడే చక్రమునకు బలము చేరును. ఒక్క ఉదాహరణము చాలును. అంగడిలో విరివిగా అమ్ముడగు ఒక పెట్రోలు చిన్న బండికి సుమారు 80 గుర్రపు బలము. టన్నుంబావు మొదలు టన్నున్నర పైచిలుకు మోసెడి ఒక డీజిలు బండికి సుమారు 75. అంకెలు చూచి పెట్రోలు బండియే బలమైనదనుకొందుము. కాని చక్రమును త్రిప్పెడి మెలిబలమున, కంపెనీలవారు టార్కు అనుదానిలో, పెట్రోలుది 100 చిల్లర, డీజిలుది 200. అదియు ఇంజను 1,500 చుట్లలో నుండగనే లభించును. కొండదారిలో బస్తాలతో ఎక్కునపుడు కావలసినది ఈ రెండవ అంకెయే. కొనుగోలుదారులు అడుగనిదియు ఇదియే.

ఇంతవరకు విని, అట్లయిన డీజిలే మేలు గదాయని మీరనవచ్చును. నేనును అట్లే అనుకొంటిని.

2021లో దసరాకు కొన్ని నెలల ముందు నేనొక క్రొత్త డీజిలు బండిని కొంటిని. దాని పని ఏమి? బడా బజారులోని నా కొట్టునుండి గిరి మార్కెట్టునకును, గోసానినూగామునకును, అంబపువా వైపు చిల్లర దుకాణములకును పప్పు, నూనె, పంచదార చేరవేయుట. రోజు మొత్తముమీద 30 కిలోమీటర్లకు మించదు. దుకాణమునకును దుకాణమునకును నడుమ కిలోమీటరో, కిలోమీటరున్నరో. బండి ఆగును, ఇంజను ఆపబడును, రెండు బస్తాలు దిగును, మరల కదలును. ఇంజను సరిగా వేడెక్కుటకు ముందే మరల చల్లారును.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి ఆరు అను పొగ నిబంధన అమలులోనికి వచ్చినదని మీకు తెలియును. దానికి లోబడుటకు డీజిలు బండ్లలో చాలవాటికి పొగగొట్టములో ఒక మసిజల్లెడ అమర్చబడుచున్నది. తేనెపట్టువలె సన్నని గదులుగల పింగాణి దిమ్మ యది. పొగలోని మసిని పట్టుకొనును. పట్టుకొన్న మసి ఎక్కడికి పోవలెను? ఆరువందల డిగ్రీల వేడి పుట్టినపుడు అది లోననే కాలి పోవును. ఆ వేడి పుట్టుటకు బండి కొంత దూరము ఆగకుండ, మంచి వేగముతో పోవలెను. నా బండికి ఆ భాగ్యము ఏనాడును కలుగలేదు.

ఎనిమిదవ నెలలో ముందు పలకపై ఒక పసుపు దీపము వెలిగినది. "దీపం వెలుగుతోంది బాబూ, బండి మాత్రం బాగానే పోతోంది" అని డ్రైవరు చెప్పెను. "అయితే పోనీ" అంటిని. ఆ ఒక్క మాటకు నేను 30 వేలకు పైగా చెల్లించితిని. మసి కాల్చుటకు ఇంజను అదనముగ చిమ్మిన డీజిలు కాలక, దిగువకు జారి ఇంజను నూనెలో కలిసెను. నూనె పలుచనైనది. జల్లెడ మూసికొనిపోయినది. ఒక ఉదయమున బండి నడకవేగము మించి పోలేదు. అటుపై 11 దినములు మరమ్మతు శాలలో నుండెను. ఆ 11 దినములు అద్దె బండ్లతో సరకు పంపితిని. ఆలస్యమునకు అలిగి వెళ్లిన రెండు ఖాతాలు నేటికిని తిరిగి రాలేదు.

అక్కడి మేస్త్రీ నాతో ఒక మాట అనెను. "ఈ బండి పరుగు కోరుతుందండీ. మీరు దీన్ని బజారులో కట్టేశారు." అంతట వారమునకొక పర్యాయము ఖాళీ బండిని ఛత్రపురముదాక పరుగెత్తించి తెప్పించుట మొదలుపెట్టితిని. లాభమునకై కొన్న బండికి, దాని ఆరోగ్యముకొరకు గాలిమార్పు చేయించుచు, నా డబ్బుతో డీజిలు పోయించుచుంటిని. మా గుమాస్తా ఈ ఖర్చును ఏ పద్దులో వ్రాయవలెనని అడిగెను. నేను బదులు చెప్పలేదు. 2023లో ఆ బండిని నష్టమునకు అమ్మి, పెట్రోలు బండిని తీసికొంటిని. అది నేటికిని ఏ చిక్కునులేక నడచుచున్నది.

ఇంతటితో కథ ముగిసియుండిన నేనీ వేదిక యెక్కకపోదును.

అదే సంవత్సరాంతమున మా పెద్దక్కగారి కుమారుడు నా కొట్టునకు వచ్చెను. "మావయ్యా, బండి కొందామనుకుంటున్నాను. డీజిలు తీసుకోమంటారా, పెట్రోలా?" అని అడిగెను. నా గాయమింకను పచ్చిగానున్నది. "పెట్రోలే తీసుకో. డీజిలు జోలికి పోకు" అని చెప్పి పంపితిని. ఎక్కడికి తోలెదవు, ఏమి మోసెదవు అని ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. అతడు వాళ్లమ్మ గాజులు కుదువబెట్టి మొదటి సొమ్ము కట్టెను. 750 కిలోల బరువునకు తగిన పెట్రోలు బండిని తెచ్చెను. దానిని వారమునకు మూడు పర్యాయములు దిగపొహండి మీదుగా, తప్తపాణి కొండదారి యెక్కించి, మొహనకు ఉల్లి, బంగాళాదుంపలు, కిరాణా చేర్చుటకు వినియోగించెను. పోను రాను 150 కిలోమీటర్లకు పైమాట. 750 కిలోలతో కిరాయి గిట్టదని 1,100, 1,200 కిలోలు ఎక్కించెను. అది చట్టమునకును విరుద్ధమే, బండికిని విరుద్ధమే.

కొండ యెక్కుటలో ఆ చిన్న ఇంజనును మొదటి రెండు గేర్లలో కేకలు పెట్టించి నడుపవలసివచ్చెను. 14 నెలలలో రెండు పర్యాయములు క్లచ్చి కాలిపోయినది. లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చునన్నది 9కి దిగినది. వాయిదాలు తప్పినవి. తుదకు నేను నడుమ నిలిచి, ఆ బండిని అమ్మించి, టన్నుంబావు పైబడి మోయు డీజిలు బండిని పాతది ఇప్పించితిని. అది వారమునకు మూడుసార్లు కొండ యెక్కి దిగుచున్నది. దాని మసిజల్లెడకు కావలసిన పరుగు దారిపొడుగునను దొరకుచున్నది. మా మేనల్లుడు కుదుటబడినాడు. గాజులు మాత్రము ఇంకను విడిపింపబడలేదు. మా అక్కగారు ఈనాటివరకు నన్నొక్క మాట యనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఒకే కుటుంబములో డీజిలు తప్పైనది, పెట్రోలును తప్పైనది. బండి తప్పు రెంటిలోను లేదు. బండికిని పనికిని పొత్తు కుదరలేదు. కావున ఇప్పుడు లెక్కకు వత్తము. మనము వర్తకులము, లెక్క మనకు తెలిసిన భాష.

లెక్క సులభమగుటకు పెట్రోలు 100 రూపాయలనియు, డీజిలు 92 రూపాయలనియు అనుకొందము. మీ పంపు ధర వేరైన దానిని వేసికొనుడు. పెట్రోలు బండి సరకుతో లీటరునకు 15 కిలోమీటర్లు, అదే తరగతి డీజిలు బండి 20 కిలోమీటర్లు ఇచ్చునని అనుకొందము. పెట్రోలునకు కిలోమీటరు ఖర్చు 6 రూపాయల 67 పైసలు, డీజిలునకు 4 రూపాయల 60 పైసలు. మిగులు 2 రూపాయల 7 పైసలు. డీజిలు బండి కొనునపుడు లక్ష రూపాయలు అధికమైనదనుకొనుడు. ఆ లక్షను ఈ 2 రూపాయల 7 పైసలు తీర్చవలెను. అందుకు 48 వేల కిలోమీటర్లకు పైగా తిరుగవలెను.

నా వలె రోజునకు 30 కిలోమీటర్ల చొప్పున, ఏడాదికి 300 దినములు తిరుగువానికి సంవత్సరమునకు 9,000 కిలోమీటర్లు. మిగులు 18,630 రూపాయలు. అందులో ఆ లక్షపై నూటికి 10 చొప్పున వడ్డీ వేసిన మొదటి ఏడు 10 వేలు పోవును. మిగిలిన 8 వేల చిల్లరను డీజిలు బండి సర్వీసు ఖర్చులోని తేడా మ్రింగివేయును. ఆ పైన పసుపు దీపమొకటి. అట్టివానికి లక్ష తీరుట యన్నది కాగితముమీదను జరుగదు.

రోజునకు 120 కిలోమీటర్లు తిరుగువానికి ఏడాదికి 36,000 కిలోమీటర్లు. మిగులు 74,520 రూపాయలు. వడ్డీ పోయినను ఏడాదిన్నర, రెండేండ్లలో లక్ష తీరిపోవును. ఆపై వచ్చునది లాభమే. మా మేనల్లుని సంగతి ఇంకను స్పష్టము. వారమునకు 450 కిలోమీటర్లు, ఏడాదికి 23,000 అనుకొనుడు. లీటరునకు 9 ఇచ్చు పెట్రోలుతో కిలోమీటరు 11 రూపాయలు దాటినది. బరువునకు తగిన డీజిలు బండి కొండదారిలో 12న్నర ఇచ్చిన 7 రూపాయల 36 పైసలు. ఏడాదికి తేడా 80 వేలు దాటును. అతడు 14 నెలలు పోగొట్టుకొన్నది ఆ సొమ్మే. నా నోటి మాటవలన.

బరువు విషయమున లెక్కకూడ అక్కరలేదు. టన్ను దాటిన బరువు నిత్యము మోయవలసినవానికి అంగడిలో పెట్రోలు బండి దాదాపు లభింపదు. అరటన్ను, ముప్పాతిక టన్ను తరగతిలోనే ఈ ఎంపిక ప్రశ్న నిజముగ పుట్టుచున్నది. ఆ తరగతిలో కంపెనీలవారే మారిపోయిరి. మారుతీవారు 2016లో తమ సూపర్ క్యారీని డీజిలుతో ఆరంభించి, 2020లో ఆ డీజిలును విరమించి పెట్రోలు, గ్యాసు ఇంజనులతోనే నడుపుచున్నారు. చిన్న డీజిలు ఇంజనునకు ఆ శుద్ధిసామగ్రి తగిలించిన ధర పెరిగి గిట్టుబాటు పోవుటయే కారణము. టాటావారు ఏస్ బండికి పెట్రోలు ఇంజను నిచ్చినదియు ఆ సంవత్సరమే.

పెట్రోలునకు దోషములు లేవని నేననను. ఇప్పుడు పంపులలో వచ్చు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో శక్తి పెట్రోలుకన్న మూడింట ఒక వంతు తక్కువ. కావున మైలేజి కొంత తగ్గును. పాత పెట్రోలు బండిని కొనువారు, అది ఈ మిశ్రమమునకు తగినదో కాదో విచారించి కొనవలెను. డీజిలు కొనువారికి వేరొక జాగ్రత్త. నేటి డీజిలు ఇంజనులో ఇంధనము వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో వెంట్రుకవంటి రంధ్రములగుండ చిమ్మబడును. పల్లెలలో డ్రమ్మునుండి మగ్గుతో పోసిన డీజిలులోని నీరు, దుమ్ము ఆ రంధ్రములకు విషము. పూర్వపు బండ్లు కిరసనాయిలు కలిసినను దగ్గుచు నడిచెడివి. ఇవి నడువవు.

ఇచ్ఛాపురము దాటి శ్రీకాకుళము, విశాఖపట్టణము పోవువారికి ఒక చిన్న మాట. కొన్ని సంవత్సరములుగా ఆంధ్రప్రదేశమున రెండు ఇంధనముల ధరయు ఇక్కడికన్న అధికముగ నుండుచున్నది. బండి ఏదైనను, సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకొనుడు. యానాములోని మన సోదరులకు ఈ విద్య మనకన్న బాగుగ తెలియును. వారి పంపులవద్ద చుట్టుప్రక్కల ఆంధ్రప్రాంతపు బండ్లు బారులు తీరుచుండును.

గ్యాసు బండ్లు, విద్యుత్తు బండ్లును వచ్చినవి. ఊరిలో తిరిగెడి పనికి రాత్రి చార్జి చేసికొనెడి బండి తగునేమో నేను స్వయముగ వాడి చూడలేదు గనుక చెప్పను. వాడినవారు వచ్చే సమావేశమున చెప్పుదురుగాక.

ఇక దరఖాస్తుల సంగతి. కార్యవర్గము అంగీకరించిన పద్ధతిని మీకు తెలియజేయుచున్నాను. ఇకమీదట బండికి హామీ కోరువారు ఒక నెలరోజుల లెక్క జతపరుపవలెను. సొంత బండి లేనివారు, తాము చేయదలచిన పనిలో ఇప్పటికే ఉన్న బండి వెంట తిరిగి వ్రాసికొనవచ్చును. వ్రాయవలసినవి నాలుగే: ఆ దినము తిరిగిన కిలోమీటర్లు, మోసిన అధిక బరువు, ఆగిన పర్యాయములు, ఆగకుండ ఒక్క పట్టున పోయిన అతి దీర్ఘమైన దూరము. ఈ నాల్గవది చాలమంది వ్రాయరు. మసిజల్లెడ బ్రతుకు దానిపైననే యున్నది. లెక్క తెచ్చినవారితో మా మేనల్లుడును నేనును కూర్చుండి చూచెదము. డీజిలు కొన్నవాడు, పెట్రోలు కొన్నవాడు, ఇద్దరును నష్టపోయినవారే గనుక పక్షపాతమునకు తావు లేదు.

నోటుపుస్తకములు ద్వారమువద్ద బల్లపై నున్నవి. గళ్లు గీయించియే తెచ్చితిని. నాలుగు దరఖాస్తులవారును పోవునపుడు తలకొకటి తీసికొని, పేరు వ్రాయించి పోవలెనని కోరుచున్నాను.